లుక్యాన్ పేరున ఉన్న కత్తి

గుర్రపు దళం వరస కదులుతోంది. తెరెంతికి మాత్రం కాళ్ళు కదలడం లేదు. చంకలో రెండు కత్తులు. ఒకటి తనది. రెండోది, కాగితాల్లో, చచ్చిపోయిన దళం నేస్తం లుక్యాన్‌ది; అప్పగించే పూచీ తెరెంతిదే.

గుర్రాలను నిన్ననే లారీలెక్కించి సామూహిక పొలాలకు తోలేశారు. ఇవాళ కత్తుల వంతు. ట్యాంకులున్న కాలంలో కత్తెందుకని మాస్కోలో ఎవరో సంతకం పెట్టారు. ఇరవై ఏళ్ళు మోసినవాణ్ణి ఒక్కడూ అడగలేదు. లాయం ముందు బల్ల వేసుకుని కెప్టెన్ మల్యాకిన్ ఒక్కో పిడి మీద నంబరు చూస్తున్నాడు, జాబితాలో గీత పెడుతున్నాడు, కత్తిని గుట్ట మీదకు విసిరేయిస్తున్నాడు. గుట్ట ఖంగుమన్నప్పుడల్లా తెరెంతి ముందున్నవాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాడు. నిన్న పక్క దళంలో ఒక కత్తి తగ్గిందని ఒకణ్ణి జీపులో తీసుకుపోయారు. ఎనిమిదేళ్ళు జైలంటున్నారు.

వెనక నుంచి ప్రొఖోర్ మోచేత్తో పొడిచాడు. "ఏంట్రా, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఆ మొహం? ఇనుమేగా!"

"నోర్ముయ్."

"రేపట్నుంచి నీ పనేంటో చూసుకో మరి. ట్యాంకులకి లాడాలు కొడతావా?"

ముందున్న ఇద్దరు నవ్వారు. తెరెంతి రెండో కత్తి పిడిని చంకలోకి ఇంకాస్త జరుపుకున్నాడు.

పోయిన అక్టోబరులో లుక్యాన్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. కొడుకులిద్దరూ యుద్ధంలోనే పోయారు, ఇంట్లో మగవాడు మిగల్లేదు. తరతరాలుగా గుర్రపు సైన్యంలో చేసే కోసాక్కుల్లో వంశం ఆగిపోతే ఆ కత్తి ఇంకొకడి చేతికి పోకూడదు. రెండు ముక్కలు చేసి శవంతో పాటు పెడతారు. తెరెంతి అదే చేశాడు. పెట్టె మూసేముందు మోకాలికేసి విరిచి, గొంగడి కింద దూర్చాడు. అది సర్కారు సొత్తని, దానికో నంబరుందని, మట్టి వేసి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే తట్టింది.

ఆ రాత్రే అటక మీద దాచిన తన తాత కత్తి దించాడు. దళం గుర్రాలకు లాడాలు కొట్టేవాడు తనే; ఆ లాడాల మీద అంకెలు కొట్టే అచ్చులతో దాని ఇత్తడి పిడి మీద లుక్యాన్ నంబరు కొట్టాడు. ఏడు అచ్చుకి కొస విరిగి ఉంది; మిగతా కత్తుల పక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

"షెర్బినా!" అని తెరెంతి ఇంటిపేరు పిలిచారు.

తెరెంతి తన కత్తి ఇచ్చాడు. గీత పడింది. రెండోది ఇచ్చాడు.

కెప్టెన్ పిడిని వెలుతురుకి తిప్పాడు. బొటనవేలితో అంకెల్ని తడిమాడు. ఆ వేలు ఒకచోట ఆగిపోయింది.

"కొస విరిగిన ఈ ఏడుని నా గుర్రం లాడాల మీద రోజూ చూసేవాణ్ణి, షెర్బినా."

తెరెంతి చూపు గుట్ట మీదకు పోయింది.

"అసలుది ఏది?"

"లుక్యాన్ దగ్గరుందండి."

"లుక్యాన్ ఎక్కడున్నాడు?" అనేసి, మాట పూర్తయ్యాక కెప్టెన్‌కే అర్థమైంది. కాపలావాడి వైపు చెయ్యి లేపబోయాడు. ఎందుకో జాబితా వెనక్కి తిప్పాడు. నవంబరు తనిఖీ. అదే నంబరు. 'స్వయంగా చూశాను' అని రాసి, కింద సంతకం. తనదే. అప్పటికే అసలు కత్తి మట్టిలో ఉంది; ఆ రోజు కత్తుల గది తలుపు కూడా తియ్యకుండా పెట్టిన సంతకం.

లేచిన చెయ్యి మెల్లగా దిగి టోపీ సర్దుకుంది. కెప్టెన్ మొహం సున్నం కొట్టినట్టయింది.

"సరిపోయింది," అన్నాడు. గీత పెట్టేటప్పుడు కలం కాగితాన్ని చింపింది. తాత కత్తి గుట్ట మీద పడింది, దాని మీద ఇంకోటి.

"ఎవరికి చెప్పావు?" పెదవులు కదపకుండా అడిగాడు.

"ఎవరికీ లేదండి."

"తాగినప్పుడు?"

"అప్పుడూ లేదండి."

"నీ విడుదల కాగితాలు ఇప్పుడే రాసిస్తున్నా. మధ్యాహ్నం రైలెక్కెయ్. ఈ ఊళ్ళో మళ్ళీ కనపడ్డావంటే..." మిగతాది మింగేశాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. తెరెంతి కళ్ళల్లో ఉన్న భయమే ఆ కళ్ళల్లోనూ ఉంది. దానికి తోడు కెప్టెన్ నడుముకి తుపాకీ ఉంది.

ప్రొఖోర్ వెనక నుంచి కేకేశాడు. "ఏంట్రా, అంతసేపు? పతకమిస్తానన్నాడా?"

తెరెంతి కాగితాలు జేబులో పెట్టుకున్నాడు, వెనక్కి తిరగలేదు. గేటు వరకూ నూటపాతిక అడుగులు. ఒక్కో అడుక్కీ వెనక నుంచి పిలుపొస్తుందని వీపు బిగదీసుకుని నడిచాడు. రాలేదు. గేటు దాటాడు. స్టేషన్ దారి పట్టాడు. అప్పటికీ వీపు వదులు కాలేదు.