ఒక్క నిమిషం, మర్డక్

చేపల చారు బానలో గరిటె తిప్పుతూ ఎఫీ మళ్ళీ ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ గరిటె కదలడం లేదు. కెనడాలో కేప్ బ్రెటన్ దీవి ఒడ్డున ఆ బడి వంటగదిలో ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. పొట్టి మనిషి, ఆవిరికి ఉబ్బిన చేతులు, గిటారు తీగలకు కాయలు కాచిన ఎడమ చేతి వేళ్ళ కొసలు.

"ఎఫీ అమ్మమ్మా, చారు మాడుతోంది. ఈసారి ఎవరు పోయారేంటి?" అంది పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పిల్ల.

"కొత్తగా ఎవరూ పోలేదులేవే. మర్డక్ తాతకి కడుతున్నా."

"మర్డక్ తాత ఇంకా మీ ఇంట్లోనే ఉన్నాడటగా. మా నాన్న చెప్పాడు."

ఎఫీ పళ్ళెంలో చారు పోసింది.

ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఏడాది తిరిగేలోగా ఎఫీ పాట కట్టాలి, అయినవాళ్ళంతా వంటింట్లో చేరి చివరి చరణం దాకా వినాలి. అప్పటిదాకా పోయినవాడు పూర్తిగా పోయినట్టు కాదు. తిండిపోతు పాదిరీకి కట్టింది, ఊరంతా తిట్టుకున్న పడవల మేస్త్రికీ కట్టింది. సొంత మొగుడు మర్డక్ పోయి మూడేళ్ళయినా అతనికి మాత్రం కట్టలేకపోయింది. ఇప్పుడు ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తున్నారు.

కాపురంలో పడ్డాక పాట కట్టడమంటే ఆమెకు దొంగతనం లాంటిదే. కూతురి జ్వరానికీ మర్డక్ కోటు గుండీలకూ మధ్య కాస్త సందు దొరికితే, వంటింటి బల్ల మీద టేపురికార్డరు పెట్టుకుని పాడేది. ఎవరు పిలిచినా టేపు ఆపేది కాదు. ఆపితే పాట జారిపోతుందని భయం. "ఒక్క నిమిషం" అనేసి మళ్ళీ అందుకునేది. అటక మీది టేపులన్నిట్లోనూ ఆ మాట ఉంది.

చివరి టేపులోనూ ఉంది. ఆ మధ్యాహ్నం, సముద్రంలో పోయిన ఓ జాలరికి పాట కడుతుంటే పడగ్గదిలోంచి మర్డక్ పిలిచాడు. "ఎఫీ, ఓసారి ఇటు రావే." "ఒక్క నిమిషం, మర్డక్." రెండు చరణాలు పాడుకుని వెళ్ళేసరికి అతనికి ఊపిరి లేదు. ఆ రెండు చరణాలకు ఆమె తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

ఇవాళ బడి నుంచి రాగానే, కోటైనా విప్పకుండా ఆ టేపే పెట్టింది. దాని మీదే మర్డక్ పాట పాడి ఆ మాట చెరిపెయ్యాలి. ఒక చరణం పాడి, వెనక్కి తిప్పి విని, హాలిఫాక్స్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆ డొక్కు రికార్డరు పాతది చెరపడం మానేసి ఏళ్ళయింది. పాత దాని మీదే కొత్తది ఎక్కుతుంది. అడుగున నాన్న గొంతు అలాగే ఉంటుంది. భయపడకు" అంది ఐలీన్.

"భయమెందుకే, నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని. కానీ ఆ రోజు ఒక్కసారే పిలిచాడు."

"అయితే?"

"ఇందులో మూడుసార్లు పిలుస్తున్నాడు."

"పొద్దున్నే బయల్దేరి వస్తా. అది ముట్టుకోకు, ఏదైనా తిని పడుకో."

"పాట సగంలో ఉందే. ఇంకొక్క..." అని ఎఫీ చటుక్కున ఆగి, ఫోను పెట్టేసింది.

మర్నాడు ఐలీన్ వచ్చేసరికి అమ్మ మంచం మీద ఉంది, కోటుతోనే. ఒక పక్కకు ఒత్తిగిలి, ఇంకొకరికి చోటు వదిలి పడుకున్నట్టుంది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. నిద్రలోనే అయ్యుంటుందన్నాడు.

అందరూ వెళ్ళాక ఐలీన్ టేపు వెనక్కి తిప్పి పెట్టింది. అడుగున నాన్న పిలుపులు వినిపిస్తున్నా అమ్మ గొంతు మూడు చరణాలు నిలకడగా పాడింది. నాలుగోదాని మధ్యలో నాన్న మళ్ళీ పిలిచాడు. పాట ఆగింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ పాట మధ్యలో వదిలెయ్యడం ఐలీన్ వినలేదు.

"వస్తున్నా." కుర్చీ జరిగింది. అడుగులు పడగ్గది వైపు వెళ్ళాయి.

"పాట అయిపోయిందా?"

"లేదులే. కాస్త జరుగు."

ఆ తర్వాత ఉత్త గరగర. ఆపబోయి ఐలీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. కోటు అందుకుని వాకిట్లోకి వెళ్ళి నిలబడి ఏడ్చింది. రోడ్డు మీద వస్తున్న ఇద్దరు ఆమెను చూసి, తలలు వంచి అవతలి పక్కకు దాటిపోయారు. లోపల బల్ల మీద, మూడున్నర చరణాలు రాసిన కాగితం పక్కన, ఆ టేపు తిరుగుతూనే ఉంది.