కుర్మయ్య తొడ

1999 ఫిబ్రవరి 20, ఉదయం పదకొండు గంటలు. మామిడిపల్లికి చెందిన బాలమల్లు కాళ్లలో కొత్త కండ పెరిగిందని శంషాబాద్‌లో డాక్టర్ నరసరాజు విలేకరులకు ప్రకటించారు. రుజువుగా ఒక స్కాన్ ఫొటో చూపించారు. ఫొటోలో ఉన్నది బాలమల్లు కాలు కాదు, అతని తమ్ముడు కుర్మయ్య కాలు. ఆ సంగతి డాక్టరుకు తెలియదు. అన్నదమ్ములకు, వాళ్ల తల్లి శివమ్మకు తెలుసు. అది చెప్పవలసిన సంగతి అని వాళ్లకు తోచలేదు.

బాలమల్లుకు ఇరవై ఆరేళ్లు. అతనిది కండ కరిగిపోయే జబ్బు. ముందు పరుగు పోయింది, తర్వాత మెట్లెక్కడం పోయింది, రెండేళ్లుగా నిలబడలేడు. చేతులు పనిచేస్తున్నాయి. పదో తరగతి పాసయ్యాడు. శంషాబాద్ బస్టాండ్ దగ్గర వికలాంగుల కోటాలో ఒక ఎస్‌టీడీ బూత్ ఇస్తారని తెలిసి దరఖాస్తు పెట్టాడు. బూత్ వస్తే కూర్చుని సంపాదించుకుంటాడు. రాకపోతే తమ్ముడి కూలి మీద బతకాలి. బూత్ రావాలంటే మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి.

నరసరాజుది భీమవరం. విమానాశ్రయానికి శంషాబాద్‌ను ఎంపిక చేస్తారని పేపర్లలో రాగానే బెంగళూరు రోడ్డు మీద, ఒక టైల్స్ షాపు పైన కండరాల ఆస్పత్రి తెరిచారు. విదేశీ రోగులు విమానం దిగి నేరుగా వస్తారని ఆయన అంచనా. విమానాశ్రయం వచ్చేలోపు మామిడిపల్లి రోగులను చూస్తున్నారు.

చికిత్స ఇది. కుర్మయ్య తొడ కోసి చిన్న ముక్క తీశారు. అందులోని మూలకణాలను ల్యాబులో పెంచారు. వాటిని సూదులతో బాలమల్లు తొడల్లోకి ఎక్కించారు. శివమ్మకు అర్థం కావాలని డాక్టరు నారు పోసి నాటేయడంతో పోల్చారు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఇంటిల్లిపాదికీ గుర్తుండిపోయింది.

"ఇక అన్న కాలు, తమ్ముడి కాలు అని తేడా లేదమ్మా. రెండింట్లో ఉన్నది ఒకటే కండ."

సూదులు వేసే ముందురోజు శివమ్మ కొడుకును జహంగీర్ పీర్ దర్గాకు తీసుకుపోయి నడుముకు రాగి తాయెత్తు కట్టించింది. కొడుకు నడిచాక మళ్లీ దర్గాకు వచ్చి అక్కడే విప్పాలని మొక్కు. మూడు నెలల తర్వాత నాటిన కణాలు పట్టుకున్నాయో లేదో చూడటానికి నగరంలోని స్కాన్ సెంటర్‌కు పంపారు. ఒంటి మీద లోహం ఉంటే మిషన్‌లోకి పంపేది లేదని అక్కడి వాళ్లు చెప్పారు. శివమ్మ తాయెత్తు విప్పనివ్వలేదు. బయట వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. అప్పుడు కుర్మయ్య తల్లికి దారి చూపాడు.

"పరేషాన్ ఎందుకే అవ్వా. రెండిట్ల ఒకటే కండ అని సారే చెప్పిండు గద. నా కాలు చూస్తే అన్న కాలు చూసినట్టే."

బాలమల్లు పేరు పిలిచారు. కుర్మయ్య లోపలికి పోయాడు. తొడ మీద కోత మచ్చ కనిపించింది. ఆస్పత్రి చీటీలో తొడకు చికిత్స జరిగినట్టు ఉంది. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

విలేకరుల ముందు నరసరాజు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టారు. మొదటిది చికిత్సకు ముందు తీసిన బాలమల్లు తొడ. కండ పోయిన చోట కొవ్వు చేరి తెల్లగా ఉంది. రెండోది నల్లగా, నిండుగా ఉంది. ఇది ఎక్కించిన కణాల నుంచి వచ్చిన కండేనని ఎలా తెలుస్తుందని ఒక విలేకరి అడిగాడు. అలాంటి స్కాన్ కండను, కొవ్వును చూపిస్తుంది. కండ ఎవరిదో చూపించదు. మరి కండ ఎక్కడి నుంచి వచ్చిందండీ అని డాక్టరు ఎదురు అడిగారు. దానికి జవాబు తెలిసిన ముగ్గురూ వెనక వరుసలో టీ తాగుతున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు.

బాలమల్లును ఒకసారి నిలబడమన్నారు. నిలబడలేకపోయాడు.

"కండ వచ్చేసిందండీ," అన్నారు నరసరాజు. "ఇంకా నమ్మకం రావాలి."

మర్నాడు పేపర్లలో వచ్చింది. 'నడిచిన బాలమల్లు' అని ఒక పేపరు రాసింది. వారం తిరక్కుండా ఆ తొడ ఫొటో బస్టాండ్ ఎదురుగా హోర్డింగ్ మీదికి ఎక్కింది. కింద బాలమల్లు పేరు, ఊరు రాశారు.

మార్చిలో మెడికల్ బోర్డు పిలిచింది. కుర్మయ్య అన్నను వీపు మీద మోసుకుపోయాడు. బోర్డులోని డాక్టర్ రత్నమాల వాళ్లను కూర్చోమని, పేపరు చూశామని, చాలా సంతోషమని చెప్పారు. బోర్డుకు ప్రస్తుత స్థితి కావాలని, స్కానే ప్రస్తుత స్థితి అని అన్నారు. కుర్మయ్య ప్యాంటు పైకి మడిచి మచ్చ చూపించాడు.

"మేడం, గా కాలు నాది."

"అంటే ఆయన పేరు మీద మీరు స్కాన్ తీయించుకున్నారా?"

"అవు మేడం."

"అది నేరమండీ. రాసుకోమంటారా?"

కుర్మయ్య ప్యాంటు దించుకున్నాడు. సర్టిఫికెట్ రాలేదు. వాళ్లు నరసరాజు దగ్గరికి పోయారు. ఫొటో తప్పని రాసివ్వలేనని, కావాలంటే మళ్లీ స్కాన్ తీయిస్తానని ఆయన చెప్పారు. మళ్లీ స్కాన్ అంటే మళ్లీ తాయెత్తు. శివమ్మ ఒప్పుకోలేదు. బూత్ పోతే ఇంకోటి వస్తుందని, పీర్ కోపం మాత్రం పోదని అంది.

ఆ ఆదివారం బాలమల్లు ఆటో కిరాయికి తీసుకుని తల్లిని, తమ్ముణ్ని దర్గాకు రమ్మన్నాడు. దర్గా ముందు ఆటోలోనే కూర్చుని తాయెత్తు ముడి విప్పాడు.

"నడువకముందే ఇప్పుతవేంది బిడ్డా," అంది శివమ్మ.

"నేను నడిచిన్నని పేపర్ల అచ్చేసిండ్రు గదనే. వాళ్లకు లేని ఫికర్ నీకెందుకు? ఇగ మొక్కు తీరింది."

శివమ్మ ఆటో దిగి చక్కెర కొనుక్కొచ్చింది. దర్గాలో దాని మీద ఫాతిహా ప్రార్థన చదివించింది.

ఏప్రిల్‌లో రెండో స్కాన్ తీశారు. ఈసారి మిషన్‌లోకి బాలమల్లే పోయాడు. ఫొటో తెల్లగా వచ్చింది. నరసరాజు దాన్ని చాలాసేపు చూసి, వచ్చిన కండ వ్యాయామం లేక పోయిందని రాశారు. ఇంకో విడత కణాలు ఎక్కించాలని సలహా ఇచ్చారు. కుర్మయ్య తొడ మీద చెయ్యి పెట్టుకుని బయటికి నడిచాడు.

మెడికల్ బోర్డు రెండు ఫొటోలనూ అంగీకరించింది. ఒకదాన్ని కాదంటే రెండోదాన్ని నమ్మడానికి ఆధారం ఉండదని రత్నమాల వివరించారు. ఫిబ్రవరిలో బాలమల్లు కోలుకున్నాడు, ఏప్రిల్‌లో కొత్తగా వికలాంగుడయ్యాడు అని తేల్చారు. సర్టిఫికెట్ ఏప్రిల్ తేదీతో ఇచ్చారు. బూత్ దరఖాస్తుల గడువు మార్చి నెలాఖరుతో ముగిసింది. గడువు నాటికి అతను ఆరోగ్యవంతుడు కాబట్టి దరఖాస్తు చెల్లదని టెలిఫోన్ శాఖ నుంచి సమాధానం వచ్చింది.

బూత్ ఒంటి చెయ్యి బుచ్చయ్యకు దక్కింది. జూన్‌లో తెరిచాడు. తెరిచిన వారానికి కుర్మయ్య అన్నను అక్కడికి మోసుకొచ్చాడు. బాలమల్లు ఎదురుగా ఉన్న హోర్డింగ్ మీది నంబరు చూసి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. తన పేరు తీసేయమని అడిగాడు. పేషెంటు స్వయంగా వచ్చి సంతకం చేయాలని ఫోన్ ఎత్తినామె చెప్పింది.

"ఎట్ల రావాలె అక్కా?"

"మెట్లెక్కి పైకి రండి. లిఫ్టు లేదు."

బుచ్చయ్య ఆ ఫోన్‌కు డబ్బు తీసుకోలేదు. జూలై నెలాఖరుకు హోర్డింగ్ అక్కడే ఉంది.