గుమ్మంలో ఇరుక్కున్న పూజారి

మా కొండ గుడిలో దేవుడి ద్రాక్షసారా జాడీలను రాతికొట్టు నేలలో పూడ్చి ఉంచుతారు. ఆడవాళ్లు హద్దురాళ్లు దాటి అటు వెళ్లకూడదు. పండగ ఉదయం మగవాళ్లంతా బలిగొర్రెల కోసం వెళ్లారు. పూజారి అయిన బెర్దియా తాతయ్య సారా కూజాను ముందుగా బయటపెట్టి, తాను ఆ కొట్టు ఇరుకు గుమ్మంలో ఇరుక్కుపోయాడు.

"లోపల ఎంత తాగావయ్యా?" అని హద్దురాళ్ల ఇవతలి నుంచి మ్జెకాలా నాన్నమ్మ అరిచింది.

"దీవించకముందు చుక్క ముట్టుకోనే! ఇదంతా నీ వెన్నరొట్టెల పనే. లాగవే!"

"అడుగుపెడితే నువ్వే శపిస్తావుగా!"

నేను సిగ్గుపడుతూనే, "నాన్నమ్మా, తాడు వెళ్లొచ్చు కదా?" అన్నాను.

గడ్డిమోపు తాడు విప్పి విసిరాం. తాతయ్య దాన్ని చంకల కింద కట్టుకున్నాడు. ఆడవాళ్లమంతా కలిసి లాగితే బయటపడ్డాడు. మెచ్చుకుంటాడనుకున్నాం. ఆయన దుమ్మైనా దులుపుకోకుండా, ఎవరి బొటనవేలైనా హద్దు దాటిందేమోనని మా కాళ్లు చూశాడు.