మట్టిలో ఉన్న కాళ్లు

ఓవర్సీర్ లక్ష్మీరాజం జేబులోంచి చాకు తీశాడు.

"గీ చాకు బెంచీ కాలుల దిగిందనుకో, అది పొయ్యిలకు. దిగలేదనుకో, ఈడనే ఉంటది. సరేనా పెద్దాయనా?"

వడ్రంగి కొమురెల్లి తలూపాడు.

ఉట్నూర్ ముసాఫిర్ బంగ్లా తోటలోని ఆ బెంచీ అతని చేతి పనే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం చేశాడు. అంటే పదిహేనేళ్లు. పక్కన కూర్చుని నూనె రుద్దింది భార్య నర్మద. ఆమె పోయి నాలుగేళ్లవుతోంది. మధ్యాహ్నం సద్దిమూట తెచ్చి ఆమె కూర్చునే ఎడమ కొస ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. ఇప్పుడు తోటకు సిమెంటు బెంచీలు వస్తున్నాయి. కర్రది స్నానాల నీళ్లు కాచడానికి పనికొస్తుందని ఓవర్సీర్ లెక్క.

పైచెక్క గురించి కొమురెల్లికి బెంగ లేదు. అది టేకు. ఏటా మృగశిర కార్తెకు ముందు దాన్ని గీకి, ఎండకు వేడెక్కనిచ్చి, గోరువెచ్చని అవిసె నూనె పాత గుడ్డతో రుద్దేవాడు. మూడు పూతలు. పూతకూ పూతకూ మధ్య రెండు రోజుల ఎండ. వాన చినుకు పడితే ముత్యంలా జారిపోవాల్సిందే.

భయమంతా కాళ్లదే. టేకు చాలక మద్దికర్ర వేశాడు. మూరెడు లోతు మట్టిలో ఉన్న మద్దిని చెదలు వదులుతాయా?

నర్మద ఆనాడే అడిగింది. "కాళ్లకు జీడినూనె పూద్దాం. మా బాపు బండ్లకు గదే పూస్తుండె. చెద దగ్గరికే రాదు."

"పిచ్చి లేసిందా? ఒళ్లంత పొక్కులైతది. వద్దంటే వద్దు!"

నల్లజీడి గింజల్ని కాల్చి తీసే ఆ నూనె చర్మానికి తగిలితే నిప్పే. ఆమె మూతి ముడుచుకుని ఊరుకుంది. మర్నాడు వేరే పనికి మేకుల కోసం అతను ఆదిలాబాద్ పోయాడు. మూడో నాడు తిరిగొచ్చేసరికి బెంచీ పాతేసి ఉంది. నర్మద, బంగ్లా కాపలాదారు హనుమండ్లు కలిసి నిలబెట్టేశారు.

ఆ హనుమండ్లే ఇప్పుడు గడ్డపార పట్టుకుని వచ్చాడు. పైగా నవ్వుతున్నాడు.

"ఏందిరా ఇకిలిస్తున్నవ్? నా బెంచీ పోతాంటే నీకు పండుగలెక్కుందా?"

"జర ఆగు వడ్లన్నా. ఫికర్ జెయ్యకు."

గడ్డపార దిగింది. మట్టి పెళ్లలు లేచాయి. జానెడు లోతు. ఇంకో జానెడు. కొమురెల్లి కళ్లు మూసుకున్నాడు.

టక్!

చాకు కర్రకు తగిలిన చప్పుడు. మళ్లీ టక్. మూడోసారి ఓవర్సీర్ పిడి మీద బలమంతా వేశాడు. చాకు జారి మట్టిలో పడింది.

కొమురెల్లి కళ్లు తెరిచాడు. కాలు నల్లగా, చేవదేరి ఉంది. చెద గీత ఒక్కటి లేదు. మోకాళ్ల మీద కూలబడి వేలితో రుద్ది చూశాడు. ఎన్నేళ్లయినా ఆ నలుపు అతనికి తెలుసు. జీడినూనె పూసిన బండి ఇరుసుల నలుపు.

"ఏం పూసినవయ్యా? ఇనుములెక్కున్నది!"

"నేను పూయలే సారూ. నేను వద్దన్న."

ఓవర్సీర్‌కు అర్థం కాలేదు. మట్టి దులుపుకుని చాకు మడిచాడు. "సరే తియ్, ఇది ఈడనే ఉండనీ. సిమెంటు బెంచీలు గా గేటు దిక్కు ఏయిస్త" అంటూ జీపు వైపు నడిచాడు.

కొమురెల్లి లేవలేదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన రోజు నర్మద రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి. వేడి గంజి ఒలికిందని చెప్పింది.

"నీకెర్కేనా?" అని హనుమండ్లును అడిగాడు.

"నేనే కుండ పట్టుకున్న. నీకు చెప్పొద్దని వదినె ఒట్టేయించుకున్నది. ఇగ చెప్పుకున్నా తప్పులేదనిపిచ్చింది."

"పది రోజులు నేనే అన్నం కలిపి తినిపిచ్చిన హనుమండ్లూ. ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్క తిట్టు. గంజి వంచుడు గుడ రాదా నీకని."

"చెప్పింది. నవ్వుకుంట తిన్ననన్నది."

కొమురెల్లి రెండు చేతులతో మట్టి తోసి గుంట పూడ్చాడు. మృగశిరకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"జీడిగింజలు యాడ దొరుకుతయ్‌రా?"

"చేతులు పొక్కుతయే!"

"పొక్కనీ" అన్నాడు కొమురెల్లి.