వదిలేసిన రేకు

దుప్పట్ల దుకాణం యజమానికి లోకంలో ప్రతిదీ బేరమే. పలకరింపు పెట్టుబడి, ఎదుటివాడు నవ్వితే వడ్డీ. సొంత అక్కతో లెక్క కూడా నష్టం లేకుండానే తేల్చుకున్నాననుకున్నాడు.

దుప్పట్ల మీది పూలు గీసేది ఆ అక్కే. నాన్న గల్లా దగ్గర కూర్చున్న రోజుల నుంచీ ఆవిడ గీతే దుకాణానికి దిక్కు. ఈ సీజన్‌కి ముందు ఆవిడ గీసిన పాత కాగితాలన్నీ తమ్ముడు కంప్యూటర్‌కి మేపాడు. చూస్తుండగానే అది అలాంటివే బుట్టెడు డిజైన్లు కక్కింది. అక్కతో మాత్రం, "పూలు ఎవరూ అడగట్లేదక్కా, ఈసారికి పని లేదు" అని నమ్మబలికాడు.

ఇవాళ పెద్ద దుకాణాలకు సరుకు కొనే ఆసామి వచ్చాడు. దుప్పట్లు పరిచి చూపిస్తే ముచ్చటపడ్డాడు.

"సరుకు బాగుందండీ. కానీ మొన్న ఒకచోట, డిజైన్ నాదంటూ ఒకాయన నా పీక మీద కూర్చున్నాడు. ఇందులో ఇంకెవరి చెయ్యీ లేదని సంతకం పెట్టివ్వండి."

"మిషన్ గీసినవండీ! దానికి చేతులెక్కడివి?" అని నవ్వాడు యజమాని.

సరిగ్గా అప్పుడే, ఆ మిషన్ మాట చెవిన పడుతుండగా అక్క మెట్లెక్కి వచ్చింది, చంకలో చుట్టిన కాగితంతో. "ఏరా, కొత్తది గీశాను, ఒకసారి చూడు..." అంటూనే దుప్పటి చూసి ఆగిపోయింది.

ప్రతి పువ్వుకీ ఒక రేకు తక్కువ. పని మొత్తం ఇవాళే ముగించేస్తే రేపటికి మిగలదని అమ్మ నేర్పిన అలవాటు అది. ఏ పువ్వు గీసినా ఆఖరి రేకు వదిలేసి లేచేది అక్క. మిషన్‌కి అదేం తెలుసు? పువ్వంటే ఇంతే కాబోలనుకుని అన్నిటికీ రేకు ఎగ్గొట్టింది. యజమాని రోజూ గుడ్డ ఎన్ని మీటర్లో చూశాడు గాని రేకులు చూడలేదు.

"అన్నట్టు, ఈ రేకు వదిలెయ్యడం భలే ఉందండీ. ఎవరి ఆలోచన?" అన్నాడు ఆసామి.

యజమాని అక్క వంక చూశాడు. అక్క ఒక్క మాటంటే బేరం బూడిదే.

"మా తమ్ముడిదేనండీ," అంది అక్క. "చిన్నప్పటి నుంచీ వాడికి ఏదీ పూర్తిచేసే అలవాటు లేదు."

ఆసామి పగలబడి నవ్వాడు. యజమానికీ నవ్వక తప్పలేదు. నవ్వుతూనే ఆసామి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. తలెత్తకుండా ఉండటానికి ఆ కాగితమే సాకైంది.

"కూర్చో అక్కా, టీ తెప్పిస్తా."

"వద్దులేరా." చంకలో కాగితం ఆవిడ తియ్యనే లేదు. దుప్పటి అంచు మడత సరిచేస్తూ, తమ్ముడికి మాత్రమే వినబడేలా అంది: "ఆ రేకు కూడా వేసెయ్యమని చెప్పు నీ మిషన్‌కి. ఇక రేపటి కోసం ఎవరికి మిగల్చాలి?"

ఆవిడ మెట్లు దిగిపోయింది. బేరం కుదిరిన సంతోషంతో ఆసామి చెయ్యి చాచాడు. యజమాని తన అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. దానికి మట్టీ లేదు, చెమటా లేదు. అయినా మళ్ళీ తుడుచుకున్నాడు.