చెల్లెలికి తక్కువ

పరదా గుడ్డల కొట్టు నడిపే అక్కకి బేరంలో టోపీ పెట్టినవాడు ఇంతవరకు లేడు. అలాంటి మనిషి డాక్టరమ్మ చెప్పిందల్లా బేరమాడకుండా వింటూ కూర్చుంది. రొమ్ములో గడ్డ క్యాన్సరేనట. ఆపరేషన్ తప్పదట. తల్లిని తీసుకుపోయింది కూడా ఇదే.

పక్క కుర్చీలో చెల్లెలు కాళ్లూపుతోంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. నలభై దగ్గర పడుతున్నా అందరికీ ఇంకా బుజ్జులే.

"మరి దీని సంగతి? దీనిదీ అమ్మ పోలికే," అంది అక్క.

"చూస్తానమ్మా. వీళ్లకి చిన్నతనంలో రక్తం క్యాన్సర్ భయం మనకన్నా ఎక్కువ. ఆ వయసు దాటేసింది. రొమ్ము క్యాన్సర్ అసలు రాదనను గానీ, బుజ్జులుకి ఆ భయం బాగా తక్కువ. ఇంతకీ ఆస్పత్రిలో మీ దగ్గర ఎవరుంటారు?"

"ఎవరూ లేరు," అంది అక్క టక్కున.

దారి పొడుగునా చెల్లెలి మీద ఒకటే కుళ్లు. అమ్మ ఒడి దానికి. అమ్మ చివరి మాటా దానికే: "బుజ్జులు జాగ్రత్త." తనకి సంబంధాలొస్తే, "ముందు దీన్ని ఎవరు చూస్తారో తేలనీ" అని తిప్పి పంపిందీ అమ్మే. పుట్టినప్పట్నుంచీ రాబడి దానిది, ఖర్చు తనది. పోనీలే, గట్టి ఒళ్లయినా తన వాటాకొచ్చిందనుకుంటే, ఇప్పుడు అదీ దాని వైపే మొగ్గింది. దేవుడైనా సరే, ఇలా తూస్తే కొట్టు మూయించాలి!

కొట్టు తెరిచి కత్తెర అందుకునేసరికి చెల్లెలు గుడ్డ థానుల వెనక ముడుచుకుని ఏడుస్తోంది.

"ఇప్పుడు నీకేం వచ్చిందే?"

"డాక్టరమ్మ తిట్టింది."

"నిన్నా? ఎప్పుడు?"

"తక్కువంది. టీచరూ అనేది. పిన్నీ అంటుంది. కోపమొస్తే నువ్వూ అంటావు."

అక్క కత్తెర పక్కన పెట్టింది. ఏ 'తక్కువ'ని చూసి తను ఇంతసేపూ కుళ్లుకుందో, అది దక్కినదానికి చెంపదెబ్బలా తగిలింది.

"ఒసే మొద్దూ, ఈసారి తక్కువంటే మంచిదే. జబ్బు భయం తక్కువని."

"మంచిదా? మరి నీకు?"

"నాకు వచ్చేసింది."

చెల్లెలు ముక్కు చీదుకుంది. "అయితే నువ్వు కూడా తక్కువైపో అక్కా. ఇద్దరం ఉందాం."

అక్కకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కుళ్లు పోయిందా అంటే, పోలేదు. అది కడుపులో ఉండగానే ఆస్పత్రికి ఫోన్ చేసింది.

"నా దగ్గర మా చెల్లెలుంటుంది, రాసుకోండి."

"మీతో వచ్చిన ఆవిడా? చూసుకోగలదా అండీ?" అంది నర్సు.

"మందు మింగేదాకా నా మీద నుంచి కళ్లు తియ్యదు. మొండితనంలో అది ఎవరికీ తీసిపోదమ్మా."