గంగప్ప తుపాకీకి కడియాల జత

1938లో ఎర్రమంచి రైతు గంగప్ప, అడవిపందుల బారినుంచి శెనక్కాయ పైరు కాపాడుకోవడానికి లైసెన్సు రైఫిలు సంపాదించాడు. ఇంగ్లండుకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర దాని మీద బిగించి గురిచూసే దుర్బీను కూడా కొన్నాడు. దుర్బీనును తుపాకీకి పట్టి ఉంచే ఇనుప కడియాలు డబ్బాలో నాలుగున్నాయి. చేతికందిన రెండు బిగించి, మర్నాడు పొద్దున్నే పందుల మీద మూడు గుళ్లు కాల్చాడు. ఒక్కటీ తగల్లేదు.

“చింతమాను కొమ్మ మాత్రం ఇరిగిపోయిండాది,” అంది భార్య ఉలిగమ్మ. “దుర్బీను లేనప్పుడే బాగా కొడతాంటివి.”

గంగప్ప తుపాకీని గోనెపట్టాలో చుట్టుకుని ధర్మవరం రైలెక్కాడు. చీరలు చూడాలంటూ ఉలిగమ్మా ఎక్కింది. అక్కడి ఫిట్టరు జయరాముడు ఒకప్పుడు పటాలంలో తుపాకులు బాగుచేసినవాడు. కడియాలు చూసి పెద్దగా నవ్వాడు.

“ఏమప్పా, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది బిగించినావే! ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు ఏసుకున్నట్లుండాది.”

పొడుగు జత పెట్టి చూశాడు. కన్ను అందాలంటే గంగప్ప చెంప తుపాకీ కట్టె మీదినుంచి లేచిపోతోంది. పొట్టి జత పెడితే చెంప ఆనింది, కన్నూ అందింది. దుర్బీను తుపాకీ గొట్టానికి తగలకుండా రూపాయి బిళ్ల మందం సందు కూడా మిగిలింది.

“ఇదే నీ జత.”

తర్వాత రెండు కడియాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడ్డానికి ఒక్కో దాంట్లో ఒక్కో మొనదేలిన ఇత్తడి కడ్డీ పెట్టాడు, మొనలు ఎదురెదురుగా. వెనక కడియం కిందికుంది. దాని అడుగున రాగిరేకు పెట్టి, తీసి, అరగదీసి, మళ్లీ పెట్టాడు.

“కలిసినాయి!” అన్నాడు గంగప్ప.

“యాడ కలిసినాయి? ఇంకా ఎడమకుండాది,” అంది ఉలిగమ్మ వంగి చూసి.

ఇద్దరు మగవాళ్లూ వంగారు. నిజమే, వెంట్రుకవాసి తేడా ఉంది. జయరాముడు దాన్ని సరిచేశాడు. గోడకు నిట్టనిలువు చూసే గుండుదారం వేలాడదీసి, దుర్బీనులోని నిలువుగీత ఆ దారంతో కలిసేలా తిప్పి, మరలు ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా బిగించాడు.

మరుసటిరోజు చేలో, నూరడుగుల దూరంలో ఒక బండకు సున్నం బొట్టు పెట్టారు. గంగప్ప మొదటి గుండు జానెడు పక్కన తగిలింది. దుర్బీను మీది మర తిప్పి మళ్లీ కాల్చాడు. బొట్టు అంచు రాలింది.

“ఒకసారి నాకియ్యి,” అంది ఉలిగమ్మ.

ఆమె గుండుకు బొట్టు నడిమధ్య పగిలింది. గంగప్ప బండ దాకా వెళ్లి పగులును వేలితో తడిమి చూశాడు.

“లైసెన్సు నా పేరు మీదుండాదే!” అన్నాడు తిరిగొచ్చి.

“కాగితం నువ్వు పట్టుకో, తుపాకి నేను పట్టుకుంటా.”

అతనికీ నవ్వు ఆగలేదు. ఆ వారంలోనే పెద్ద పంది ఒకటి పడింది. మాంసం ఊరంతా పంచారు. జయరాముడి వాటాను గంగప్పే రైల్లో తీసుకెళ్లి, కొట్టింది తన భార్యేనని దారిపొడుగునా అందరికీ చెప్పుకున్నాడు.